కోర్టులో చెప్పిన “అవును”

మన సంఘములలో ‘ఒప్పుకోలు’ అన్న మాట వినబడని ఆదివారము ఉండదు. ప్రభు బల్ల యొద్దకు వచ్చే ముందు ఒప్పుకుంటాము. ఉపవాస కూటములలో ఒప్పుకుంటాము. గట్టు తగాదా పడిన పొరుగువానితో సమాధానపడేటప్పుడు ఒప్పుకుంటాము. తప్పు దాచుకోవడము కంటె బయటపెట్టుకోవడము మేలని మన పిల్లలకు సండేస్కూలు నాటినుండి నేర్పుతున్నాము. ఇది మంచి అలవాటే.

కాని కోర్టులో ఒప్పుకోలు వేరు. దేవుని యెదుట ఒప్పుకొన్నవాడు భారము దింపుకొని లేస్తాడు. కోర్టులో ఒప్పుకొన్నవాడు ఆ మాటను జీవితాంతము మోస్తాడు. అక్కడ “అవును” అన్న తరువాత సాక్షులతో పని లేదు, రుజువులతో పని లేదు. ఆ ఒక్క మాట మీదనే శిక్ష వేయవచ్చును. అలా శిక్ష పడినవానికి, శిక్ష ఎక్కువైనదనో చట్టప్రకారము లేదనో తప్ప, ‘నేను నేరము చేయలేదు’ అని అప్పీలు చేసుకొనే దారి కూడ మూసుకుపోతుంది. మన పల్లెలలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

“అవును అనేయి, జరిమానా కట్టేయి, ఇంటికి పోదాము.” కోర్టు వరండాలో ఈ మాట వినని పల్లెవారు అరుదు. లైసెన్సు లేకుండ బండి నడిపిన కేసు వంటి వాటిలో అది నిజముగానే సులువైన దారి. దొంగతనము, కొట్లాట, మోసము వంటి కేసులలో అదే మాట అన్నప్పుడు ఏమవుతుంది? పొరపాటున అన్న ఆ “అవును”ను తిరిగి తీసుకొనవచ్చునా? తీసుకొంటే అది మాట తప్పినట్టా?

మా సంఘములోని ఒక కుటుంబము ఈ దారిన పోయి, తిరిగి రావడానికి ఎంత శ్రమపడినదో మేము దగ్గరనుండి చూచాము. వారు సమ్మతించినందున ఊరు, పేరు లేకుండ ఇక్కడ వ్రాస్తున్నాము. మేము వేదశాస్త్రములో డిప్లొమా చేసినవారమే గాని లా చదివినవారము కాము. చట్టము తెలిసినవారిని అడిగి తెలిసికొన్న సంగతులే ఇందులో చెబుతున్నాము.

2011 వేసవిలో ఊరి చివర బోరు షెడ్డులోనుండి ఒక రైతు కరెంటు మోటారు పోయినది. పోలీసులు ముగ్గురు యువకులను పట్టుకొన్నారు. ఇద్దరి సంగతి ఊళ్ళో అందరికి తెలిసినదే. మూడవవాడు మా సంఘ సభ్యుని కుమారుడు. ట్రాలీ ఆటో బాడుగకు నడుపుకొనేవాడు. మోటారును పట్నములో మెకానిక్కుల వీధికి చేర్చినది అతని ఆటోలోనే. “మోటారు కాలిపోయినది, వైండింగు చేయించాలి అని తెల్లవారుజామున పిలిచారు. మూడు వందలు బాడుగ ఇచ్చారు. దొంగసొత్తని నాకు తెలియదు” అని అతడు మొదటినుండి ఒకటే మాట చెబుతూ వచ్చాడు.

పన్నెండు రోజులు రిమాండులో ఉండి బెయిలు మీద వచ్చాడు. ప్లీడరును పెట్టినది తక్కిన ఇద్దరిలో ఒకని తండ్రి. ముగ్గురికి కలిపి ఒకరే ప్లీడరు, ఒకటే ఫీజు. ఖర్చు కలిసివస్తుందని మా సభ్యుడు సంతోషించాడు. దొంగిలించినవానికి, తెలియక మోసినవానికి ఒకే వాదన సరిపోదని ఆ ఇంట్లో ఎవరికి తోచలేదు.

2012లో నేరారోపణ చదివి వినిపించే వాయిదా వచ్చినది. తక్కిన ఇద్దరు ఒప్పుకొనడానికి సిద్ధపడ్డారు. వరండాలో ప్లీడరు ముగ్గురితోను మాట్లాడాడు. లోపల మేజిస్ట్రేటుగారు ఆరోపణ వినిపించి, నేరము ఒప్పుకుంటారా అని అడిగినప్పుడు ముగ్గురు అవునన్నారు. “అవునండి, నా ఆటోలోనే తీసుకెళ్ళాను” అని తాను అన్నానని మా యువకుడు చెబుతాడు. కాగితము మీద మాత్రము ముగ్గురికి కలిపి ఒకే మాట పడినది: నేరము అంగీకరించారని. రిమాండులో గడిపిన రోజులే శిక్ష, మనిషికి వెయ్యి రూపాయల జరిమానా. పొద్దుగూకేలోపల ఇల్లు చేరారు. ఆ ఆదివారము తల్లి కృతజ్ఞతార్పణ తెచ్చి ఇచ్చినది.

ఏడాదిన్నర గడచినది. ఒక ప్రభుత్వ శాఖలో డ్రైవరు ఉద్యోగానికి ఆ యువకుడు ఎంపికైనాడు. ఇంట్లో పండుగ వాతావరణము. అంతలో ఒక ఫారము వచ్చినది. అందులో ఒక గడి ఉన్నది: ఎప్పుడైనా ఏ కోర్టులోనైనా మీకు శిక్ష పడినదా? బంధువులు, “లేదని వ్రాయి. వెయ్యి రూపాయల జరిమానా సంగతి ఎవరు త్రవ్వుతారు?” అన్నారు. అతడు ఫారము పట్టుకొని మా యింటికి వచ్చాడు.

“అయ్యగారూ, ఉన్నదని వ్రాస్తే నేను దొంగనని నా చేతితో వ్రాసినట్టు. లేదని వ్రాస్తే అబద్ధము. ఏది వ్రాయమంటారు?”

ఉన్నదనే వ్రాయమన్నాము. వ్రాశాడు. కొద్ది వారములకు ఉత్తరము వచ్చినది. దొంగతనపు కేసులో శిక్షపడినవాడు గనుక నియామకము ఇవ్వలేమని దాని సారాంశము. ఆ మాట చదివి తండ్రి అరుగు మీద కూలబడిపోయాడు. మరి లేదని వ్రాసి ఉంటే బాగుండేదా? అలా అనుకొనేవారికొరకు ఒక మాట. 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయము స్పష్టము చేసినది. ఉద్యోగములో చేరేవాడు తన మీద కేసులు, శిక్షల గురించి నిజమే చెప్పాలి, దాచకూడదు అన్నది. దాచినది బయటపడితే దాచడమే మరొక కారణమై ఉద్యోగము పోవచ్చును.

ఇక ఇంట్లో కోపమంతా ప్లీడరు మీదికి మళ్ళినది. “మమ్మును నట్టేట ముంచాడు. ఒప్పుకుంటే ఏమీ కాదన్నాడు. ఇది చిన్న కేసు, రేపటికి ఎవరికీ గుర్తుండదన్నాడు” అని తండ్రి అన్నాడు. ఆయనను వెంటబెట్టుకొని మేము ప్లీడరు ఇంటికి వెళ్ళాము. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి మాట్లాడాడు. “పాస్టరు గారూ, ఒప్పుకుంటే శిక్ష పడుతుందని, అది రికార్డులో ఉంటుందని ముగ్గురికీ చెప్పాను. ఉద్యోగము సంగతి ఈ అబ్బాయి నన్ను అడుగలేదు. అతని మాట వేరని కూడ నాతో ఎవరూ చెప్పలేదు. నేను ముగ్గురి తరఫున పనిచేశాను” అన్నాడు.

వరండాలో గుసగుసగా జరిగిన మాటలవి. వ్రాసుకొన్నవారు లేరు, విన్న మూడవ మనిషి లేడు. తండ్రి మాట నిజమా? ప్లీడరు మాట నిజమా? ఇద్దరూ తాము జ్ఞాపకము ఉంచుకొన్నదే చెబుతూ ఉండవచ్చును. భయపడినవాడు ‘ఇంటికి పోవచ్చు’ అన్న మాట ఒక్కటే వింటాడు. రోజుకు పది కేసులు చూచేవాడు తాను అన్నీ చెప్పాననే అనుకుంటాడు. తీర్పు తీర్చే పని మాది కాదని మేము ఊరుకున్నాము.

సంఘములో మరొక చర్చ లేచినది. మా పెద్దలలో ఒకరు, నిష్ఠగలవారు, ఇలా అన్నారు: “కోర్టు కూడ దేవుడు నియమించిన అధికారమే. అక్కడ నిలువబడి అవునన్నవాడు ఇప్పుడు కాదంటే సంఘానికి సాక్ష్యము ఏముంటుంది? ప్రభువు పిలాతు ఎదుట వాదించలేదు గదా. ఓర్చుకొనవలెను.” ఈ మాట తేలికగా కొట్టివేయదగినది కాదు. మాట మీద నిలబడడము మనకు చాల ముఖ్యము.

మేము ఆ యువకుణ్ణి అందరి ముందు ఒకటే అడిగాము: “కోర్టులో నీవు దేనికి అవునన్నావు?” అతడు, “ఆటోలో తీసుకెళ్ళినందుకు” అన్నాడు. “దొంగిలించావని అన్నావా?” “ఆ మాట నా నోట రాలేదయ్యగారూ.” అప్పుడు ఆ పెద్దాయనతో మేము అన్నాము: ప్రభువు పిలాతు ఎదుట మౌనముగా నిలిచాడు గాని, చేయని నేరము చేశానని అనలేదు. ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండ కొట్టి చెరలో వేసినవారు మరునాడు గుట్టుగా పంపివేయజూచినప్పుడు ఆయన మెల్లగా జారుకోలేదు. బహిరంగముగా అవమానపరచినవారు తామే వచ్చి తీసికొనిపోవాలని పట్టుబట్టాడు. అది అహంకారము కాదు. అబద్ధపు రికార్డు మిగిలిపోకూడదన్న పట్టుదల. ఈ అబ్బాయి తన “అవును”ను వెనుకకు తీసుకోవడము లేదు. తాను అనని “అవును”ను తన పేరున ఉంచవద్దంటున్నాడు. పెద్దాయన చాలసేపు ఆలోచించి, “అట్లయితే అన్న మాటను కూడ దాచకూడదు” అన్నారు. ఆ షరతు తరువాత చాల పనికివచ్చినది.

న్యాయసేవా కమిటీ ద్వారా కొత్త ప్లీడరు దొరికాడు. ఆయన ముందు కేసు కట్ట చూపించమన్నాడు. మొదటి ప్లీడరు, తన మీద కోపముతో ఉన్నారని తెలిసి కూడ, కట్ట మొత్తము ఇచ్చివేశాడు. ఇది ఆయన మంచితనము. తండ్రి మాత్రము, “పాత ప్లీడరు మోసము చేశాడని వ్రాయండి” అని పట్టుబట్టాడు. కొత్త ప్లీడరు ఒప్పుకోలేదు. “అది మీరు రుజువు చేయలేరు. రుజువు చేయలేనిదాని మీద కేసు నిలబెడితే కేసు దానితోనే కూలుతుంది. రికార్డులో ఏమున్నదో దాని మీద నిలబడదాము” అన్నాడు.

రికార్డులో ఏమున్నది? ముగ్గురికి కలిపి ఒకే మాట. ఇక్కడ ఒక పాత తీర్పు అక్కరకు వచ్చినది. 1965లో మహంత్ కౌశల్యదాస్ అనే ఆయనకు, మద్రాసు రాష్ట్రానికి మధ్య నడచిన కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్ననే చూచినది. ముద్దాయి ఒప్పుకొన్న మాటను సాధ్యమైనంతవరకు అతడు పలికిన మాటలలోనే వ్రాయాలి అన్నది. ఎందుకు? ఆ మాటలు నిజముగా నేరపు ఒప్పుకోలు అవుతాయా కావా అని పై కోర్టు చూడగలగాలి గనుక. చిన్న నేరముల సమన్సు కేసులలో ఈ నియమము చట్టములోనే వ్రాసి ఉన్నది. పెద్ద కేసులలో కూడ, ఒప్పుకొన్నంతమాత్రాన శిక్ష వేసి తీరాలని చట్టము అనలేదు, వేయవచ్చును అన్నది. అనగా ఆ మనిషి ఆరోపణను గ్రహించి, తన యిష్టముతో చెబుతున్నాడా అని చూచుకొనే బాధ్యత మేజిస్ట్రేటుది. 2024 జూలై 1 నుండి పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానములో నాగరిక సురక్షా సంహిత వచ్చినను ఈ నియమములు అందులో కూడ ఉన్నవి.

ఈ తీర్పు వెనుక ఎంత లోకజ్ఞానము ఉన్నదో చూడండి. మన పల్లెవాని “అవునండి” ఎన్ని అర్థములు గలది! విన్నానండి అనడానికి అవునండి. తమరు చెప్పినట్టే అనడానికి అవునండి. భయము వేసినా అవునండి. మా యువకుని “అవును” ప్రక్కన ‘ఆటోలో తీసుకెళ్ళాను’ అన్న మాట కూడ కాగితము మీద పడి ఉంటే, అది దొంగతనపు ఒప్పుకోలు కాదని చదివినవారికి వెంటనే తెలిసేది. ఎరిగి, దురుద్దేశముతో తీసుకొంటేనే దొంగతనము.

అయితే కొత్త ప్లీడరు మరొక సంగతి కూడ దాచకుండ చెప్పాడు. “శిక్షను రద్దు చేయమని సెషన్సు కోర్టులో రివిజను వేస్తాము. గెలిచినా నీవు నిర్దోషివైనట్టు కాదు. కేసు మొదటికి వస్తుంది. మళ్ళీ ముద్దాయివి అవుతావు. విచారణలో ఓడిపోతే దొంగతనానికి మూడేళ్ళ వరకు జైలు పడవచ్చును. ఇప్పుడు నీ శిక్ష అయిపోయినది, జరిమానా కట్టినావు. కదపకుండ ఉంటే జైలు భయము లేదు. ఆలోచించుకో.”

ఆ రాత్రి వారి యింట ప్రార్థనకు వెళ్ళాము. తల్లి, “ఉద్యోగము పోతే పోయినది, కొడుకు కళ్ళ ముందు ఉంటే చాలు” అని ఏడ్చినది. ఆమె మాటలో తప్పేమున్నది? ధైర్యము చెప్పడము మాకు సులువు. జైలుకు పోయేది మేము కాదు. అందువలన వేయమని గాని వద్దని గాని మేము అనలేదు. ఆ యువకుడే చివరకు అన్నాడు: “అమ్మా, నాకు రేపు పిల్లలు పుడతారు. వాళ్ళ నాన్న దొంగ అని కాగితము ఉంటుంది. నేను దొంగను కాదు. అది అడిగి చూస్తాను.”

వకాలతు మీద సంతకము చేసిన రోజున మరొక చిక్కు వచ్చినది. ‘ఆటోలో మోటారు మోసినది నిజమే’ అన్న వాక్యము అఫిడవిట్టులో పెట్టడము మంచిది కాదని, రేపు విచారణలో అదే మెడకు చుట్టుకోవచ్చునని ప్లీడరు హెచ్చరించాడు. ఆయన చెప్పినది ఆయన వృత్తి ప్రకారము సరియైనదే. కాని యువకుడు పెద్దాయన షరతు మరువలేదు. “అన్నది అన్నట్టు వ్రాయండి, అననిది తీసివేయండి” అన్నాడు. అలాగే వ్రాశారు.

రివిజనుకు తొంబది రోజుల గడువు. వీరికి రెండేళ్ళు కావచ్చినది. ఆలస్యానికి కారణము చెప్పుకొని క్షమించమని వేరే పిటిషను వేయవలసి వచ్చినది. 2015లో సెషన్సు కోర్టు ఆలస్యమును మన్నించి, అతని మట్టుకు శిక్షను రద్దుచేసి, మళ్ళీ విచారించమని క్రింది కోర్టుకు పంపినది. ప్లీడరు ఏమి చెప్పాడు, ఏమి చెప్పలేదు అన్న వివాదము జోలికి కోర్టు పోనేలేదు. ముద్దాయి పలికిన మాట రికార్డులో కనబడడము లేదు, అది చాలునన్నది. ఎవరిని దోషి అనకుండనే తప్పు దిద్దబడినది.

ఆ తరువాత రెండేళ్ళు వాయిదాలు. వాయిదా రోజున ఆటో నిలిచిపోయేది, ఆ రోజు బాడుగ లేదు. మోటారు రైతు సాక్షిగా వచ్చి, “దొంగతనము జరిగిన మరునాడు కూడ ఈ అబ్బాయి మా యింటి ముందునుండే ఆటో తోలాడు. దాగినవాడు కాడు” అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ రైతు మన సంఘస్థుడు కాడు, మన మతస్థుడు కాడు. సొత్తు పోగొట్టుకొన్నవాడు. అయినను న్యాయము పలికాడు. 2017 ఆరంభములో కేసు కొట్టివేశారు. డ్రైవరు ఉద్యోగము మాత్రము రాలేదు. ఆ పోస్టు ఎప్పుడో నిండిపోయినది, వయస్సు కూడ దాటినది. ఆ కుటుంబానికి మిగిలినది ఒక కాగితము. దానిని తల్లి బైబిలు ప్రక్కన బీరువాలో పెట్టుకొన్నది.

అదే 2017లో, జూన్ 23న, అమెరికా దేశపు సుప్రీంకోర్టు ఇటువంటి ప్రశ్న మీద ఒక తీర్పు చెప్పినది. మన పల్లెలనుండి ఎందరో పిల్లలు ఆ దేశములో చదువుకొంటూ, ఉద్యోగము చేస్తూ ఉన్నారు గనుక ఆ సంగతి కూడ తెలిసి ఉండడము మంచిది.

జే లీ అనే ఆయన 1982లో, పదమూడేళ్ళ వయస్సులో, తల్లిదండ్రులతో దక్షిణ కొరియానుండి అమెరికా వెళ్ళాడు. మెంఫిస్ నగరములో హోటళ్ళు నడుపుకొంటూ స్థిరపడ్డాడు. అక్కడే శాశ్వతముగా ఉండే అనుమతి ఉన్నది గాని పౌరసత్వము తీసుకోలేదు. మత్తుబిళ్ళల కేసులో పట్టుబడ్డాడు. ఆయన నిర్దోషి కాదు. తాను చేసినది చేశానన్నాడు. ఆయనకు ఒకటే బెంగ: దేశమునుండి పంపివేస్తారా? ముసలి తల్లిదండ్రులను చూచుకొనడానికి ఆ దేశములో ఆయన తప్ప వేరెవరు లేరు. పంపివేయరని లాయరు మళ్ళీ మళ్ళీ భరోసా ఇచ్చాడు. ఆ మాట నమ్మి నేరము ఒప్పుకొన్నాడు. ఒక సంవత్సరము ఒక రోజు జైలు శిక్ష పడినది. ఆ తరువాత తెలిసినది, ఆ నేరము ఒప్పుకొన్న పరదేశిని పంపివేయడము అక్కడి చట్టములో తప్పనిసరి అని.

ఆ దేశములో శిక్ష పడకముందైతే న్యాయమైన కారణము చూపి ఒప్పుకోలును వెనుకకు తీసుకొనవచ్చును. పడిన తరువాత అది చాల కష్టము. లాయరు సలహా తప్పని చూపితే చాలదు, ఆ తప్పు లేకుంటే తాను ఒప్పుకొనేవాడను కానని కూడ చూపాలి. ప్రభుత్వము వారు, “ఇతని మీద సాక్ష్యము బలముగా ఉన్నది. విచారణకు వెళ్ళినా ఓడిపోయేవాడే. ఇక నష్టమేమున్నది?” అని వాదించారు. ఆరుగురు న్యాయమూర్తులు ఆ వాదన త్రోసివేశారు. ఇద్దరు ఒప్పుకోలేదు. తీర్పు వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్సు గారి ఆలోచన ఇది: తల్లిదండ్రులను, ముప్పది అయిదేళ్ళ బ్రదుకును పోగొట్టుకొనే మనిషి, గెలుపు ఆశ ఎంత సన్ననిదైనా దానినే పట్టుకొనేవాడు. ఆ యెంపిక అతనికి తెలిసి చేసుకొనే అవకాశము ఉండవలసినది. దీనికి ముందు, 2010 మార్చి 31న, హోసే పడిల్లా అనే ఆయన కేసులో అదే కోర్టు ఒక కర్తవ్యము విధించినది. ఒప్పుకోలు వలన దేశమునుండి పంపివేయబడే ప్రమాదము ఉన్నదా అని లాయరు తన కక్షిదారునికి చెప్పి తీరాలన్నది. పడిల్లా వియత్నాం యుద్ధములో ఆ దేశము పక్షమున పనిచేసినవాడు, నలభై ఏళ్ళకు పైగా అక్కడ ఉన్నవాడు. అంతకాలముగా ఉన్నావు గనుక భయము లేదని అతనికి చెప్పారట!

ఒకడు చేయని నేరానికి అవునన్నాడు. మరొకడు చేసిన నేరానికే అవునన్నాడు. ఇద్దరికీ జరిగిన అన్యాయము ఒకటే: దేనికి అవునంటున్నారో, దాని ఫలితము ఏమిటో వారికి తెలియదు. తెలియకుండ పలికిన “అవును” మనిషి మాట కాదు, భయము పలికించిన మాట. మన మారుమనస్సులో కూడ, ఏ పాపమో తెలియకుండ అందరితో కలిసి తల ఊపినవానిని మనము మారినవాడని అనము గదా.

కాబట్టి కుటుంబ పెద్దలకు కొన్ని మాటలు చెప్పదలిచాము.

కేసు వచ్చినప్పుడు అందరితో కలిసి ఒకే ప్లీడరును పెట్టుకొనే ముందు, మీ బిడ్డ మాట, తక్కినవారి మాట ఒకటేనా అని చూచుకొనండి. వేరైతే వేరే ప్లీడరు కావాలి. ఒప్పుకొమ్మని ఎవరు చెప్పినా కొన్ని ప్రశ్నలు అడగండి. ఏ సెక్షను? దానికి ఎక్కువలో ఎక్కువ శిక్ష ఎంత? రేపు ఉద్యోగానికి, పాసుపోర్టుకు, విదేశములో ఉన్నవారి వీసాకు దీనివలన ఏమవుతుంది? తరువాత అప్పీలు ఉంటుందా? జవాబులు ఒక కాగితము మీద వ్రాసి ఇవ్వమనండి. అడిగితే ప్లీడరుకు కోపము వస్తుందని జంకవద్దు. మంచి ప్లీడరు సంతోషిస్తాడు, ఎందుకంటే ఆ కాగితము ఆయనకు కూడ రక్షణ.

మేజిస్ట్రేటుగారు అడిగినప్పుడు తెలియకపోతే “తెలియదండి, మళ్ళీ చెప్పండి” అనడము తప్పు కాదు. చేసినంతవరకే చెప్పండి. జైలు శిక్ష పడితే తీర్పు నకలు ఉచితముగా ఇవ్వాలని చట్టము ఉన్నది. అడిగి తీసికొని చదివించుకొనండి. తప్పు కనబడితే ఆలస్యము చేయకండి, ఒక్కొక్క నెల గడచినకొద్ది దారి ఇరుకు అవుతుంది. ప్లీ బార్గైనింగు అనే పద్ధతి కూడ 2006 జూలైనుండి మన దేశములో ఉన్నది. ఏడేళ్ళ లోపు శిక్షగల నేరములలో, స్త్రీల మీద, పసిపిల్లల మీద చేసినవి కానివాటిలో, ముద్దాయి తానే దరఖాస్తు పెట్టుకొని తగ్గింపు శిక్ష కోరవచ్చును. అక్కడ కూడ, అతడు తన యిష్టముతో వచ్చాడా అని జడ్జిగారు అతణ్ణి విడిగా అడిగి తెలిసికోవాలి. ఆ విడి సమయము మీ బిడ్డ నోరు తెరిచే సమయము.

డబ్బు లేదని వెనుకాడకండి. 1987 న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకు, పిల్లలకు, ఎస్.సి., ఎస్.టి.లకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా ప్లీడరును ఇస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎస్.సి.లనుండి క్రైస్తవులైనవారిని బి.సి.–సి గా లెక్కిస్తున్నారు గనుక, అట్టివారు ఆదాయ పరిమితి క్రింద అడుగవచ్చును. మండల కేంద్రములోని కోర్టు ఆవరణలో న్యాయసేవా కమిటీ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. అడగకపోయినంతమాత్రాన పేదవానికి ఈ హక్కు పోదని 1986లో సుఖ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

సంఘ పెద్దలకు, తోటి సేవకులకు కూడ ఒక మనవి. శిక్ష పడినదని వినగానే ఆ యింటి గడప తొక్కడము మానకండి. ‘తప్పు చేయకపోతే ఎందుకు ఒప్పుకొన్నాడు?’ అన్న ప్రశ్న అడుగడము సులువు. కోర్టు వరండాలో ఆకలితో, భయముతో, పదిమంది తొందరపెడుతూ ఉండగా నిలువబడినవానికి దాని జవాబు తెలుసు. అలాగని ప్రతి ప్లీడరును అనుమానించకండి, ప్రతి ముద్దాయిని అమాయకుడనకండి. చేసినవాడు చేశానని చెప్పే ధైర్యమును, చేయనివాడు చేయలేదని చెప్పే ధైర్యమును మన యిండ్లలో పెంచుదాము. రెండును ఒకే సత్యమునకు చెందినవే. పిల్లవాడు ఇంట్లో దెబ్బలకు జడిసి అవునంటే, రేపు కోర్టులో కూడ జడిసి అవునంటాడు. కాబట్టి వాని “అవును”ను, వాని “కాదు”ను మనము ఇప్పటినుండే ఓపికగా విందము.